మాజీ ప్రజాతి పెరోవ్‌స్కియా గారికి

పెరోవ్‌స్కియా గారికి,

నమస్కరించి రాయునది. తోటల్లో రష్యన్ సేజ్ అని పిలిపించుకునే ఊదాపూల మొక్కలు మీరు; 2017లో మీ ప్రజాతి హోదా (దగ్గరి జాతులకు ఉమ్మడి ఇంటిపేరు లాంటిది) రద్దయిన సంగతి మీ చెవిన ఎవరైనా వేశారో లేదో! పుదీనా కుటుంబపు వంశవృక్షాన్ని డీఎన్‌ఏతో సరిచూసిన శాస్త్రవేత్తలు మీ కొమ్మ సాల్వియాల నడుమనే, అంటే సేజ్ మొక్కల పెద్ద ప్రజాతిలోనే, మొలిచిందని తేల్చారు. ఆకు నలిపితే వేళ్ళకు అంటుకునే ఆ సేజ్ ఘాటును బట్టి ఈ చుట్టరికం ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. అయినా ముక్కు సాక్ష్యం చెల్లదు కదా.

ఇక వాళ్ళ ముందున్నవి రెండే దారులు. సాల్వియాను ముక్కలు చేసి, వందల జాతులకు కొత్త పేర్లు పెట్టాలి. లేదా మీలాంటి చిన్న ప్రజాతులు అయిదింటిని, అన్నీ కలిపి 15 జాతులను, అందులో కలిపేయాలి. న్యాయం ఎటు మొగ్గిందో వేరే చెప్పాలా? రాతకోతలు ఎటు తక్కువైతే అటే. దత్తత వెళ్ళినవాడికి ఇంటిపేరొక్కటే మారుతుంది; మీలోని అట్రిప్లిసిఫోలియా అనే జాతికి సొంత పేరు కూడా దక్కలేదు. ఇప్పుడది సాల్వియా యాంగీ.

మీ పాత పేరు మాత్రం ఏమంత గొప్పది? 1841లో వృక్షశాస్త్రవేత్త కరేలిన్ మీకు రష్యాలోని ఓరెన్‌బర్గ్ గవర్నర్ పెరోవ్‌స్కీ పేరు తగిలించాడు. ఆ గవర్నర్ దొర 1839 చలికాలంలో మధ్య ఆసియాలోని ఖీవా రాజ్యం మీదికి దండెత్తాడు. కోట కనబడకముందే మంచు ముంచెత్తింది. ఒంటెలు వేలల్లో చచ్చాయి, సైన్యం వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది. మధ్య ఆసియా చలికీ, ఎండకూ చలించని మీకు ఆ చలికే తోక ముడిచిన సేనాని పేరు! అధికారిని పొగడాలనుకున్నప్పుడు అడ్డు చెప్పలేని మొక్క కంటే అనువైనది ఇంకేముంటుంది?

మీ స్వభావమూ తక్కువదేమీ కాదులెండి. రాళ్ళనేలలో వదిలేస్తే నిటారుగా నిలబడతారు. ముద్దు చేసి ఎరువు వేసి, రోజూ నీళ్ళు పోస్తే నేలకు వాలిపోతారు. అన్నిటికంటే నాకు నచ్చింది మీ పూత మాయ. రేకులు రాలిపోయినా వాటి కింద రక్షకపత్రాల గొట్టం మీది ఊదా నూగు వారాల తరబడి మెరుస్తూనే ఉంటుంది. దూరాన ఉన్నవాళ్ళు ఇంకా పూస్తోందనే అనుకుంటారు. పదవి పోయిన పెద్దలంతా మీ దగ్గర శిష్యరికం చేయాలి.

కొత్త ఇంట్లో ఒక చిక్కుంది, ముందే చెబుతున్నాను. చాలా సాల్వియాలకు రెండు కేసరాలు, వాటికో మీట ఉంటాయి. తేనెటీగ తల దూర్చగానే మీట ఒరిగి పుప్పొడిని దాని వీపుకు అద్దుతుంది. మీకు కేసరాలు రెండున్నా మీట లేదు. వంశలక్షణం ఏదీ అని అక్కడి పాతకాపులు నిలదీస్తే, మీతోపాటే చేరిన రోజ్‌మేరీని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆవిడకూ మీట లేదు. వంటింట్లో ఆవిడకున్న పలుకుబడి చూసైనా నోరు మెదపరు.

ఇట్లు,
తోటలో మీ పాత పేరుపలకను ఇంకా పీకని తోటమాలి