మ.రా.శ్రీ సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం గారికి

తిరుపతి

ఆర్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, ముక్కు ఒప్పుకోవడం లేదు.

తమరి హోదా తమరికే గుర్తున్నట్టు లేదు. ట్యాంకు ఇంటికి 15 మీటర్ల లోపు ఉంటే గాలి గొట్టం మిద్దె కంటే 2 మీటర్లు పైకి లేవాలని సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణం ఐఎస్ 2470 చెబుతోంది. రెండు మూడు సెంట్లలో గోడకు గోడ ఆనించి కట్టే మన కాలనీల్లో 15 మీటర్ల ఎడం ఎక్కడిది? కాబట్టి ప్రతి ఇంటి మీదా తమరు ధ్వజస్తంభంలా నిలబడి ఉండాలి. ఉండరు. కాంపౌండు గోడ పక్కన నాలుగడుగులు లేచి, పక్కింటి వంటగది కిటికీ వైపు మెడ వంచి ఊపిరి వదులుతుంటారు. ముందు గోడకు గ్రానైటు తొడిగించిన యజమానికి, తమరి దగ్గరికొచ్చేసరికి ఇంకో రెండు పైపులు దండగనిపిస్తాయి.

పైగా వాస్తు ఒకటి. ట్యాంకు వాయవ్యంలోనే ఉండాలని పట్టుబట్టి, వాయుదేవుడి దిక్కులోనే గుంత తవ్వించి, వాయువు పోయే దారి మాత్రం మరిచిపోతారు. గుర్తున్నవాళ్లు ఇంకా ఘనులు. వాసనొస్తోందని తమరి మూతికి పాలిథీన్ కవరు కట్టేస్తారు.

లోపల పుట్టే మీథేన్, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కవరు చూసి ఆగిపోతాయా? వచ్చిన దారినే వెనక్కి తిరిగి బాత్రూముకొస్తాయి. అక్కడ వాటికి అడ్డం నేల జాలీ కింది నహానీ ట్రాపులో నిలిచిన రెండంగుళాల నీళ్లే. పై అంతస్తులో ఫ్లష్ కొట్టగానే, దిగే నీటి వెనక గాలి చాలక ఆ నీళ్లు కూడా గుడగుడమని పీల్చుకుపోతాయి. ఇంటివాళ్లు జామ్ అయిందనుకుని యాసిడ్ పోస్తారు. అది ట్యాంకులోకి దిగి, మలాన్ని కుళ్లబెట్టి కరిగించే బ్యాక్టీరియాను చంపుతుంది. తరవాత అంగడికెళ్లి బ్యాక్టీరియా పొడి కొనుక్కొస్తారు. మళ్లీ శనివారం యాసిడ్. ఆ పైన ఫినాయిలు, కలరా ఉండలు, అగరొత్తులు. నిందంతా ట్యాంకు మీద.

సరే, తమరి పదోన్నతి సంగతి చూద్దాం. కనీసం 50 మి.మీ. గొట్టం ఉండాలి, 75 వేస్తే నయం. ఎస్‌డబ్ల్యూఆర్ (మలం, వాడిన నీరు, వాన నీరు పోయే పీవీసీ) పైపుల్లో ‘ఎ’ టైపు గాలికీ వాన నీళ్లకీ, ‘బి’ టైపు మందంగా ఉండి కక్కసు లైనుకీ. కొట్టువాడు రెండింటికీ పలచటిదే అంటగడతాడు, పైపు మీద అచ్చు చదివి తీసుకోవాలి. ట్యాంకు శ్లాబులో, నీటి మట్టానికి పైన ఖాళీ ఉన్నచోట గొట్టం దిగాలి. కొన ఎక్కడా నీళ్లలో మునగకూడదు.

అక్కడి నుంచి గోడ దాకా అడ్డంగా నడిచే ముక్క దగ్గరే మేస్త్రీలు తమరి గొంతు నులిమేది. రాత్రి చల్లబడితే లోపలి ఆవిరి నీరవుతుంది. ఆ నీరు ట్యాంకులోకి జారేలా మీటరుకి ఒక సెంటీమీటరైనా వాటం ఇవ్వాలి. మధ్యలో పైపు బొజ్జలా దిగితే అక్కడ నీళ్లు నిలిచి, గాలికి బిరడా కొట్టినట్టే. బయటికి చూస్తే కొత్త పైపు, లోపల మూత. మలుపు దగ్గర ఒక్క 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు వేయాలి. గోడకు క్లాంపులు దగ్గర దగ్గరగా బిగించాలి. చివర కౌల్ అనే టోపీ, దానికి దోమల జాలీ. జాలీకి దుమ్ము, సాలెగూడు పడితే మళ్లీ పాత కథే, ఏడాదికోసారి దులపాలి.

ట్యాంకు లోపల ఇన్‌లెట్‌కీ ఔట్‌లెట్‌కీ ‘టీ’ ఆకారపు పైపు ముక్క ఉండాలి, దాని కింది కాలు నీళ్లలోకి దిగాలి, ఔట్‌లెట్ మట్టం ఇన్‌లెట్ కంటే 50 మి.మీ. తక్కువుండాలి. టీ లేకపోతే పైన తేలే తెట్టు సోక్‌పిట్‌లోకి (ట్యాంకు నీరు ఇంకే గుంతలోకి) పోయి దాన్ని పూడ్చేస్తుంది. అయితే చూద్దామని ఎవరూ లోపలికి దిగకూడదు, అగ్గిపుల్ల గీయకూడదు. ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియకుండా చేసి చంపుతుంది. రక్షణ లేకుండా మనిషిని దించడం, పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. రెండు మూడేళ్లకోసారి లారీ పిలిచి తోడించడమే.

ఇంత చేసినా తమరి మీదే అనుమానం మిగిలితే, రాత్రి ప్రతి జాలీ మీదా పాలిథీన్ పరిచి టేపు అతికించాలి. పొద్దున ఒక్కొక్కటే తీసి వాసన చూస్తే దొంగ దొరుకుతాడు. ఎక్కువసార్లు దొరికేది వాష్‌బేసిన్ కింద. ముడతల ప్లాస్టిక్ గొట్టాన్ని లావు పైపులో ఊరికే దోపి వదిలేస్తారు, చుట్టూ వేలు పట్టేంత సందు. చిన్న రబ్బరు బుష్‌తో పోయే జబ్బు అది. తరవాత కమోడు వెనక, దాన్ని పైపుకి కలిపే పాన్ కనెక్టరు రబ్బరు చూడాలి. తెరచాప పడవల్లో మలం ట్యాంకు గొట్టాలైతే ఏళ్లు గడిచేకొద్దీ వాటి గోడల్లోంచే కంపు ఊరుతుంది. అక్కడివాళ్లు వేడినీళ్ల గుడ్డ గొట్టానికి చుట్టి, చల్లారాక ఆ గుడ్డ వాసన చూసి ఏది మార్చాలో తేలుస్తారు. మన గట్టి పీవీసీ పైపు అలా ఊరదు, తప్పంతా అతుకుల్లోనే.

ఇట్లు,
కిటికీలు మూసుకున్న పక్కింటివాళ్లు

తా.క.: తిరుపతిలో ఇల్లుందంటే దర్శనానికొచ్చే చుట్టాలకు సత్రమే. వాళ్లు లేని నెలల్లో పై గది బాత్రూము తాళం తీయరు, ట్రాపులో నీళ్లు ఎండకి ఇగిరిపోతాయి. తాళం వేసేముందు జాలీలో రెండు చెంబుల నీళ్లు పోసి, పైన ఒక గరిటె వంటనూనె వదిలితే తొందరగా ఇగరవు. బ్రహ్మోత్సవాలకు ముందు ఇంకో చెంబు.