మనవలతో జూకి మళ్లీ వెళ్లాలా? వియ్యపురాళ్ల వాదోపవాదం

కార్తీకమాసంలో ఒక ఆదివారం రెండు కుటుంబాలూ పులిహోర డబ్బాలతో సహా విశాఖ జూకి వెళ్లొచ్చాయి. మనవరాలికి ఏడేళ్లు, మనవడికి నాలుగు. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్దామని పిల్లల పట్టు. నాయనమ్మ వద్దంటోంది, అమ్మమ్మ వెళ్లాల్సిందే అంటోంది. నా ఓటు అమ్మమ్మకే, ముందే చెప్పేస్తున్నా. అలాగని నాయనమ్మ మాటల్లో పదునైనవేవీ దాచలేదు.

నాయనమ్మ: ఇంకోసారి జూ మాటెత్తకండి వదినగారూ. ఆ పెద్దపులి నడక చూశారా? గోడ దాకా వెళ్లడం, తిరగడం, మళ్లీ అదే గోడ. అది నడిచిన మేర గడ్డి కూడా మొలవలేదు. "నాయనమ్మా, దీని ఇంటికి తలుపేది?" అని అడిగింది పిల్ల. ఏం చెప్పాం? ఐస్ కొనిపెట్టి మాట మార్చాం.

అమ్మమ్మ: ఐస్ కొన్నది అన్నయ్యగారు. నేను వద్దనే అన్నాను.

నాయనమ్మ: మీ మనవడు రాగం తీస్తుంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? ఆ రాత్రే వాడికి జలుబు.

అమ్మమ్మ: బావుందండీ! ఏడిస్తే నా మనవడు, ముద్దుగా ఉంటే మీ మనవడూనా?

(ఐస్ గొడవ ఇంకా చాలాసేపు సాగింది. జలుబు ఐస్ వల్లా, ఎండ వల్లా, తలకి టోపీ పెట్టకపోవడం వల్లా అన్నది ఇప్పటికీ తేలలేదు.)

అమ్మమ్మ: సరే, అసలు సంగతికి రండి. మన జూ ఏమన్నా సర్కస్ డేరానా? కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాలు. 1977లో తెరిచిన కొత్తలో మా నాన్నగారు తీసుకెళ్లారు నన్ను.

నాయనమ్మ: 625 ఎకరాలు జూకి. పులికి కాదు.

అమ్మమ్మ: ...అది నిజమే.

నాయనమ్మ: ఇంకొకటి కూడా వినండి. ఎక్కువ జనం ఎక్కడున్నారు? తెల్లపులి దగ్గర. అదేదో దేవుడిచ్చిన వింత అనుకుంటాం. 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో మోహన్ అనే తెల్లపులి పిల్లని పట్టుకున్నారు. అది పెద్దదయ్యాక దాని కూతురితోనే జత కట్టించారు. ఈనాడు జూలలో కనిపించే తెల్లపులుల్లో చాలావాటి వంశం అక్కడి నుంచే. దగ్గరి రక్తంలోనే మళ్లీ మళ్లీ జత కట్టించడంతో కొన్నిటికి మెల్లకన్ను, ఇంకా ఏవేవో అవకరాలు. ఇప్పుడు అడవిలో దాదాపు కనిపించని పులిని మన సరదా కోసం పుట్టిస్తున్నాం. దాని ముందు పిల్లల్ని నిలబెట్టి సెల్ఫీ!

అమ్మమ్మ: తెల్లపులి విషయంలో మీతో వాదించను. ఈసారి అటు తీసుకెళ్లను కూడా. కానీ మీరు బ్యాటరీ బండెక్కి జూ అంతా చుట్టేశారు చూడండి, ఆ గంటలో నేనూ పిల్లలూ నీటి ఏనుగు దగ్గరే ఉన్నాం. ముందు ఏమీ లేదు, ఆకుపచ్చ నీళ్లు. వచ్చిన వాళ్లంతా "ఏదీ? ఎక్కడా?" అనుకుంటూ వెళ్లిపోతున్నారు. మనవాడూ పదమని గునిశాడు. "ఆగరా, దానికీ ఊపిరి కావాలి కదా, అదే వస్తుంది" అన్నాను. నీళ్లలో ఉన్నప్పుడు ముక్కురంధ్రాలు మూసుకుంటుందిట, మూడు నాలుగు నిమిషాలకోసారి పైకి రావాల్సిందేనట. పిల్ల అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నూట తొంభై దాటగానే ముక్కు తేలింది. బుస్సుమని నీళ్లు చిమ్మింది, చెవులు గిర్రున విదిల్చింది, గులాబీ రంగు అంచున్న కళ్లతో మా వైపు చూసి మళ్లీ మునిగింది. ఇక పిల్లలు అక్కణ్ణించి కదిల్తే ఒట్టు! ఫోన్ అడగలేదు, ఆకలనలేదు. ఫోన్లో వీడియో అయితే హిప్పో నోరు తెరిచేదాకా ఉన్నదంతా కత్తిరించేసి పెడతారు. ఎదురుచూడటం నేర్పే చోటు ఊళ్లో ఇంకెక్కడుంది చెప్పండి? నన్నడిగితే జూలో నూరు జంతువులు చూడక్కర్లేదు, రెండు చాలు. మనం చేసిన పొరపాటల్లా జాబితా పట్టుకుని పరిగెత్తడమే.

నాయనమ్మ: ఎదురుచూడటానికి బోనే కావాలా? బీచ్‌కి తీసుకెళ్లండి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికే వచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లు కాపాడి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలోకి వదులుతారు. హైవే దాటితే కంబాలకొండ ఉంది. చెట్టు, పిట్ట, సీతాకోకచిలుక... దేనికీ తాళం లేదు.

అమ్మమ్మ: తాబేళ్ల దగ్గరికి తప్పకుండా వెళ్దాం. తెల్లవారుజామున మీవాణ్ణి నిద్రలేపే పని మాత్రం మీదే. కంబాలకొండలో చిరుతలున్నాయంటారు, మీరెప్పుడైనా చూశారా? నేనూ చూడలేదు. చూడకపోవడమే దానికి మంచిది. ప్రతి కుటుంబం చిరుతని చూపించమని అడవిలోకి దిగితే ఆ అడవి గతేమిటి? ఇంకో సంగతి. రేచుకుక్కల, అంటే అడవి కుక్కల, ఎన్‌క్లోజర్ దగ్గర ఒక్క మనిషి లేడు, గమనించారా? ప్రపంచంలోనే అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి అది. వాటి సంతతిని పెంచే కేంద్రంగా కేంద్ర జూ అథారిటీ మన విశాఖ జూని ఎంచుకుంది. అవి ఈల వేసినట్టు అరుస్తాయి, గుంపుగా వేటాడతాయి, తిన్న మాంసం కక్కి గుంపులోని కూనలకి పెడతాయి. తల్లి ఒక్కతే కాదు, మిగతావీ పెడతాయి.

నాయనమ్మ: అత్తింటివాళ్లూ పుట్టింటివాళ్లూ కలిసి పెంచినట్టా?

అమ్మమ్మ: ఐస్ గొడవ లేకుండా.

నాయనమ్మ: నవ్వించి తప్పించుకోకండి. సంతతి పెంచాలంటే పెంచనివ్వండి, కాదనను. దానికి ఆదివారం అంతమంది జనం దేనికి? ఎలుగుబంటిని చూసి కేకలు, జింకలకి చిప్స్. ఒక కుర్రాడైతే కోతి మీదికి సీసా మూత విసిరాడు. మన పిల్లలు దీన్ని కూడా చూసి నేర్చుకుంటున్నారు, మీ హిప్పోని మాత్రమే కాదు.

(ఇది గట్టి దెబ్బే. అమ్మమ్మ మంచినీళ్లు తాగి మరీ మొదలుపెట్టింది.)

అమ్మమ్మ: జూలో జంతువుల్ని గేలిచేసినా, అరిచి బెదరగొట్టినా, తిండి పెట్టినా నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉంది. చిప్స్ పెడుతున్నవాణ్ణి నేను ఆపాను, "మీకెందుకు ఆంటీ" అన్నాడు. పెద్దమనవరాలు నా చీర కొంగు పట్టుకుని అంతా వింది. ఇంటికొచ్చాక తమ్ముడికి చెబుతోంది, "జింకకి చిప్స్ పెడితే కడుపునొప్పి వస్తుందిరా" అని. మంచీ చెడూ రెండూ కనపడే చోటే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. అందుకే కదా మనం వెళ్లేది! ఇంతకీ వదినగారూ, ఎలుగుబంటి దగ్గర ఈల వేసిందెవరు?

నాయనమ్మ: ...ఆయన చిన్నప్పటి అలవాటండీ అది.

అమ్మమ్మ: అన్నయ్యగారికి కూడా చట్టం వర్తిస్తుంది.

నాయనమ్మ: మరి తలుపు సంగతి? మళ్లీ అడిగితే ఏం చెబుతారు?

అమ్మమ్మ: లేదనే చెబుతాను. దీన్ని వదిలేస్తే వేటాడటం రాదు, బతకదు, అందుకని మనుషులే రోజూ తిండి పెట్టి చూసుకోవాలి అంటాను. ఎవరు తెచ్చి పెట్టారంటే మనుషులే అంటాను. అడవులెందుకు తగ్గాయంటే అదీ మనమే అంటాను. పిల్ల బాధపడితే పడనివ్వండి. ఏడేళ్లొచ్చాయి, ఆమాత్రం తట్టుకుంటుంది.

నాయనమ్మ: నాకైతే ఆ పులి ముందు నిలబడాలని లేదు.

అమ్మమ్మ: నిలబడకండి. మీరు రేచుకుక్కల దగ్గరుండండి, నేను నీటి ఏనుగు దగ్గరుంటాను. మిగతావి ఈసారి వద్దు. ఆదివారం కూడా వద్దు, సోమవారం ఎలాగూ జూకి సెలవు. మంగళవారం పొద్దున్నే సాగర్‌నగర్ గేటు నుంచి వెళ్దాం.

నాయనమ్మ: పులిహోర ఎవరు కలుపుతారు?

అమ్మమ్మ: మీరే. మొన్న నేను కలిపినదాంట్లో ఉప్పు తక్కువైందని పెళ్లివారికి చెప్పినట్టు అందరికీ చెప్పారుగా.