వెండి ధర పెరిగితే నాణెం ఎలా మారింది

జర్మనీ స్మారక నాణేల మీద మీ వ్యాసంలో బొమ్మల గురించి చాలా వివరంగా రాశారు, సంతోషం. అయితే 2011లో వచ్చిన మార్పు కూడా చెప్పాల్సింది. 2002 నుంచి 2010 దాకా వాళ్ల 10 యూరోల స్మారక నాణెం 18 గ్రాములు, అందులో వెండి 92.5 శాతం. అంటే అసలు వెండే 16 గ్రాములకు పైన! మార్కెట్లో ధర ఎగబాకేసరికి లోపలి లోహం విలువే 10 యూరోలు దాటే పరిస్థితి వచ్చింది. అలాంటిదాన్ని ముఖ విలువకే ఇస్తే కరిగించుకునేవాళ్లు ఊరుకుంటారా? అందుకే 2011లో సేకరించేవాళ్ల కోసం చేసే నాణెంలో వెండిని 62.5 శాతానికి తగ్గించారు, ముఖ విలువకు దొరికేదాన్ని రాగి, నికెల్‌తో చేశారు. 2016లో ముఖ విలువను 20 యూరోలు చేసి, మళ్లీ పాత స్వచ్ఛతకు వచ్చారు. వెండిని పలచన చేయడం కన్నా ఇదే సరైన పద్ధతి అని గట్టిగా నమ్ముతాను.

బంగారంలో 100 యూరోల నాణెం అర ఔన్సు. బెర్లిన్, మ్యూనిక్, స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూ, హాంబర్గ్ టంకశాలలు ఐదూ దాన్ని ముద్రిస్తాయి. ఏది ఎక్కడిదో దాని మీదున్న ఒక్క అక్షరం చెప్పేస్తుంది.

అక్కడున్న మనవాళ్లకు ఒక మాట: ఈ స్మారక నాణేలు యూరోల్లోనే ఉన్నా జర్మనీలో మాత్రమే చెల్లుతాయి, పక్కనున్న ఫ్రాన్స్‌లో చెల్లవు.