శ్రీయుత ‘స్ట్రైక్’ గారికి

హైదరాబాద్, 11 మే 2025

అయ్యా స్ట్రైక్ గారూ,

నమస్కారాలు. నిన్న సాయంత్రం ఐదింటి నుంచి భారత్, పాకిస్తాన్ కాల్పులు ఆపుతున్నామన్నారు కనుక మీకు కాస్త తీరిక దొరికి ఉంటుందని ఈ ఉత్తరం.

మిమ్మల్ని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. మా ఇంట్లో మీరంటే కాలేజీకి సెలవు, బ్యాంకుకు తాళం, డిపోలో బస్సులు. 2019లో ఆర్టీసీ కార్మికులతో కలిసి 52 రోజులు కూర్చున్నారు. మొన్న 7వ తేదీ నుంచి మళ్ళీ వస్తారని చెప్పి, ముందురోజే వాయిదా పడ్డారు. తీరా ఆ 7వ తేదీ పొద్దున, పాకిస్తాన్ మీద మన సైన్యం దాడి చేసిందంటూ టీవీ నిండా మీ పేరే. మా అమ్మ కళ్ళజోడు వెతుక్కుంటూ, “వాయిదా అన్నారుగా, మళ్ళీ మొదలెట్టారట్రా?” అంది.

ఏం చెప్పను? ఒకప్పుడు పని మానేస్తే మీరు. ఇప్పుడు పని కానిచ్చేస్తే మీరు. 2016లో ‘సర్జికల్’ అనే ఇంటిపేరు వచ్చింది. రెండు నెలలు తిరక్కముందే నోట్ల రద్దూ మీ ఖాతాలోకే చేరింది. 2020లో జీహెచ్ఎంసీ ఎన్నికలప్పుడు పాతబస్తీ మీదికీ మిమ్మల్ని పంపిస్తామన్నారు. ఎయిర్, డ్రోన్, ప్రెసిషన్, కౌంటర్... మీ బంధువర్గం పెళ్ళికొస్తే భోజనాలు చాలవు.

8వ తేదీ రాత్రి సంగతి మాత్రం మరిచిపోలేను. ధర్మశాలలో ఐపీఎల్ మ్యాచ్ మధ్యలో ఆగిపోయింది. సరే, వార్తలు చూద్దామని చానెల్ మార్చాను. కరాచీ ఓడరేవు మీద స్ట్రైక్ అన్నారు. మంటలు చూపించారు. స్టూడియోలో సైరన్ మోగించారు. మాక్ డ్రిల్ చూసొచ్చిన మా పిల్లాడు మంచం కిందకి దూరాడు. (అలా మోగించొద్దని నిన్న ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.) నేను ఆవేశం పట్టలేక, నేవీలో చేసి విశాఖలో రిటైరైన మా బాబాయిని అర్ధరాత్రి ఫోన్ చేసి లేపాను. “బాబాయ్, కరాచీ అయిపోయింది!” ఆయన ఒక ఆవులింత ఆవులించి, “1971 డిసెంబర్ 4న మన నేవీ కొట్టిన సంగతి కదూ? మీ చానెల్‌కు ఇప్పుడందిందా?” అని పెట్టేశాడు. తెల్లారేసరికి ఓడరేవు ఎక్కడిదక్కడే ఉంది. పోయింది నా నిద్ర, బాబాయి దగ్గర నా పరువు. నాకు ఆ వార్త చెప్పినాయన మాత్రం కోటు మార్చుకుని ఇంకో ఊరి మీద స్ట్రైక్ చేస్తున్నాడు.

మీతో ఒక సుఖం ఉందండీ. పల్లెలో ఇద్దరు కొట్టుకుంటే రచ్చబండ దగ్గర ముందు అడిగేది, ఎవడు కొట్టాడు, ఎవణ్ణి కొట్టాడు, దెబ్బ ఎక్కడ తగిలింది అని. ‘స్ట్రైక్ జరిగింది’ అంటే ఇవేవీ అక్కర్లేదు. వాన కురిసినట్టు, తిరునాళ్ళు జరిగినట్టు, అదీ జరిగింది. అంతే.

పూంఛ్‌లో పాకిస్తాన్ వైపు నుంచి వచ్చిన షెల్లు పడి ఒక మదర్సా మాస్టారు చచ్చిపోయాడు. మన మనిషి. మన గడ్డ మీద. కొన్ని చానెళ్ళు ఆయన్ని మన స్ట్రైక్‌లో హతమైన టెర్రరిస్టన్నాయి. పోలీసులు ప్రకటన ఇచ్చి, కాదని చెప్పాల్సి వచ్చింది. ఎవరు కొట్టారో చూడలేదు, ఎవరు పోయారో అడగలేదు. నీ పేరొకటి దొరికింది, చాలు, వాడేశారు. ఇంట్లో శవం పెట్టుకుని ఏడుస్తున్నవాళ్ళు టీవీలో అది చూడాలా? సిగ్గుండక్కర్లేదూ నీకు?

క్షమించాలి. ‘మీకు’ అనాల్సింది.

ఒక మనవి. వాయిదా పడ్డ ఆ ఆర్టీసీ పనికి తిరిగి వచ్చెయ్యండి. ఎండలో గంటసేపు స్టాపులో నిలబడతాను. ఆటోవాడు రెట్టింపు అడిగితే మిమ్మల్ని తిట్టుకుంటూనే ఇచ్చుకుంటాను. మా అమ్మక్కూడా మీరెవరో తేలిగ్గా అర్థమవుతుంది.

ఇట్లు,
రిమోట్ దాచేసిన మీ పాత పరిచయస్తుడు