రైడింగ్ గేర్ కొనేటప్పుడు మనం అడగని ప్రశ్న

మోటార్‌సైకిల్ రక్షణ సామగ్రి గురించి జరిగే చర్చలన్నీ ఏ కంపెనీ మంచిది, ఏ రంగు బాగుంటుంది, తోలు జాకెట్ మేలా, గాలి ఆడే వల గుడ్డతో చేసిన మెష్ జాకెట్ మేలా అన్న ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంటాయి. అవి అనవసరమైన ప్రశ్నలని నేను అనను. కానీ వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది, దాన్ని దాదాపు ఎవరూ అడగకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది. మనిషి బండి మీద నుంచి పడి, దొర్లుతూ, రోడ్డును రాసుకుంటూ జారిపోతున్న ఆ కొన్ని క్షణాల్లో ఈ వస్తువు తాను కాపాడవలసిన చోటనే నిలిచి ఉంటుందా? ఉండదు అనిపిస్తే, దాని మీద ఎంత గొప్ప పేరున్నా కొనకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ముందుగా హెల్మెట్ సంగతి. పై డిప్ప గట్టిగా ఉండటమే రక్షణ అనుకుంటారు చాలామంది. అసలు పని చేసేది లోపలున్న థర్మాకోల్ పొర. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల ఆగడానికి మరికొంత సమయం ఇచ్చి, మెదడుకు చేరే తాకిడిని తగ్గిస్తుంది. ఒకసారి నలిగిన పొర మళ్ళీ మునుపటిలా కాదు కనుక, ప్రమాదంలో దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి ఎంత బాగున్నా పక్కన పెట్టాలి. గతం తెలియని పాత హెల్మెట్‌ను కొననే కూడదు. వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2008లో వెలువరించిన సమీక్ష ప్రకారం హెల్మెట్ ధరించడం వల్ల ప్రమాదానికి గురైన రైడర్లకు మరణం ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు సుమారు 69 శాతం తగ్గుతాయి. అయితే స్ట్రాప్ పెట్టుకోకుండా తల మీద ఊరికే ఉంచుకున్న హెల్మెట్, తల నేలను తాకే లోపే ఊడిపోవచ్చు. అప్పుడు ఈ అంకెలు ఎవరికీ అక్కరకు రావు.

సైజు చూసుకోవడానికి కనుబొమల పైభాగంలో తల చుట్టూ టేపు పెట్టి కొలుచుకోవడం మొదటి మెట్టు మాత్రమే. టేపు చుట్టుకొలతను చెబుతుంది గాని తల ఆకారాన్ని చెప్పదు. కొందరి తల గుండ్రంగా, కొందరిది ముందువెనుకలకు పొడవుగా ఉంటుంది. ఒకే కొలత ఉన్న ఇద్దరికీ ఒకే హెల్మెట్ సరిపోవాలని లేదు. తలకు పెట్టుకున్నాక బుగ్గలు కొంచెం ఒత్తుకోవాలి, చేతులతో హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పితే ముఖచర్మం కూడా దానితో కదలాలి. స్ట్రాప్ బిగించి, వెనుక అంచును పట్టుకుని పైకీ ముందుకూ బలంగా తోసినా అది ఊడిరాకూడదు. నుదుటి మీద ఒకే బిందువులో నొప్పి పుడితే ఆ ఆకారం మనది కాదని అర్థం. కొత్తలో ఉండే బిగువును చూసి, హాయిగా ఉందని ఒక సైజు పెద్దది తీసుకునేవారే ఎక్కువ. లోపలి స్పాంజి వాడకంలో అణిగి మరింత వదులవుతుందని వారు గుర్తుంచుకోరు.

గడ్డాన్ని కప్పని హెల్మెట్ల గురించి కూడా నా మాట స్పష్టంగా చెబుతాను. జర్మనీలో ప్రమాదాలను పరిశీలించిన డీట్మార్ ఓట్టె లెక్కల్లో, హెల్మెట్లకు తగిలిన దెబ్బల్లో దాదాపు మూడో వంతు గడ్డం ప్రాంతంలోనే ఉన్నాయి. కాబట్టి గడ్డంతో సహా ముఖమంతా కప్పే ఫుల్ ఫేస్ తప్ప మరొకటి నేను ఎవరికీ సిఫారసు చేయను. ముందుభాగం పైకి లేచే రకాన్ని కొనదలచినవారు యూరప్ హెల్మెట్ ప్రమాణమైన ఈసీఈ లేబుల్ మీద అక్షరాలను చూడాలి. ‘పీ’ అని ఉంటే గడ్డం భాగం రక్షణ పరీక్షలో నెగ్గినట్టు, ‘ఎన్‌పీ’ అని ఉంటే అది రక్షణ కోసం కాదని అర్థం. ఏటవాలుగా తగిలే దెబ్బకు తల మెలితిరిగే వేగాన్ని కొలిచే పరీక్షను ఈసీఈలో కొత్తదైన 22.06 ప్రమాణం చేర్చింది కనుక, పాత 22.05 కంటే దానికే మొగ్గు చూపడం మంచిది.

జాకెట్లు, ప్యాంట్ల విషయంలో అజాగ్రత్త ఇంకా ఎక్కువ. ఆస్ట్రేలియాలో పరిశోధకురాలు లిజ్ డి రోమ్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో రక్షణ దుస్తులు ధరించినవారు ఆసుపత్రిలో చేరవలసిన అవసరం తగ్గిందని తేలింది. కానీ అదే అధ్యయనంలో, ప్రమాదానికి గురైన జాకెట్లు, ప్యాంట్లు, గ్లవ్స్‌లో నాలుగో వంతుకు పైగా చిరిగో, అరిగో విఫలమయ్యాయి కూడా. అందుకే రైడింగ్ జాకెట్ అని పేరు పెట్టి అమ్మినంత మాత్రాన నమ్మకూడదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 17092లో ఏఏఏ, ఏఏ, ఏ అన్న తరగతులు ఉన్నాయి, మొదటిది అన్నిటికంటే దృఢమైనది. మోచేతి, భుజం, మోకాలి ప్యాడ్లకు ఈఎన్ 1621-1 వర్తిస్తుంది. ఆ పరీక్షలో లెవెల్ 1 ప్యాడ్ సగటున 35 కిలోన్యూటన్ల వరకు బలాన్ని లోపలికి పంపవచ్చు, లెవెల్ 2 ప్యాడ్ 20కి మించి పంపకూడదు. ఈ తేడా చాలా పెద్దది. వీపు జేబులో చాలా జాకెట్లకు వచ్చే పలుచని స్పాంజి ముక్క అసలు రక్షణే కాదు, దాన్ని తీసేసి ప్రమాణ ముద్ర ఉన్న బ్యాక్ ప్రొటెక్టర్ పెట్టుకోవలసిందే.

ఇక్కడ కూడా మళ్ళీ కొలత దగ్గరికే వస్తాను. దుకాణంలో అద్దం ముందు నిలబడి జాకెట్ చూసుకోవడం వల్ల ఏమీ తెలియదు. బండి మీద కూర్చున్న భంగిమలో చేతులు ముందుకు చాచి, మోకాళ్ళు మడిచి చూడాలి. మోకాలి ప్యాడ్ నిలబడినప్పుడు సరిగ్గా ఉండి, కూర్చోగానే తొడ మీదికి జరిగితే అది మోకాలిని కాపాడదు. మోచేతి ప్యాడ్‌ను పట్టుకుని మెలితిప్పితే పక్కకు తిరిగిపోతే జాకెట్ వదులుగా ఉన్నట్టే. వేడి వల్ల తోలు జాకెట్‌ను ఇంట్లో వదిలి వెళ్ళేవారికి, ప్రతిరోజూ వేసుకోగలిగే మంచి మెష్ జాకెట్టే ఎక్కువ రక్షణ ఇస్తుందని నా నమ్మకం.

జాకెట్ కంటే ముందు గ్లవ్స్, బూట్లు కొనమంటాను. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే చాచుతారు. అరచేయి రోడ్డును పట్టుకుని ఆగిపోతే మణికట్టు ఎముకల మీద భారమంతా పడుతుంది. అరచేతి అడుగున నున్నని గట్టి స్లైడర్ ఉన్న గ్లవ్స్ చేతిని జారనిస్తాయి. మణికట్టు పట్టీ బిగించాక వేళ్ళు పట్టి లాగినా గ్లవ్ ఊడిరాకూడదు. పట్టీయే లేని గ్లవ్స్‌ను నేను లెక్కలోకి తీసుకోను. బూట్లు చీలమండను దాటి ఉండాలి, మడమ దగ్గర గట్టిగా ఉండాలి, లేసులు లీవర్లకు చిక్కుకోకుండా లోపలికి దాగాలి.

చివరగా, వెనక కూర్చునేవారికి పాత హెల్మెట్‌నో, చవకదాన్నో ఇవ్వడం నేను అస్సలు సహించలేని విషయం. హ్యాండిల్ పట్టు లేని ఆ మనిషికి ముందు రాబోయేదేమిటో కనిపించదు, పడేటప్పుడు సిద్ధపడే అవకాశం మనకంటే తక్కువ. పిల్లలకు ఎదుగుతారు కదా అని పెద్ద సైజు కొనడం ఇంకా ప్రమాదకరం. ఈ ఏడాది తలకు సరిపోయే హెల్మెట్ ఈ ఏడాదే కొనాలి, వచ్చే ఏడాది బిగుతైతే మళ్ళీ కొనాలి. అది వీలుకాని రోజున పిల్లలను బండి ఎక్కించకూడదు.