మగ తేనెపిట్ట గారికి ఒక అభిమాని ఉత్తరం

శ్రీ ఊదా తేనెపిట్ట గారి సముఖానికి,

అయ్యా, పట్టుమని పది గ్రాములు కూడా తూగరు మీరు. అయినా మీరొచ్చి పూలతీగ మీద వాలారంటే చేతిలో పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఎండ తగిలితే తల మీద నీలం, మెడ తిప్పితే ఊదా, ఇంకాస్త పక్కకి జరిగితే ఆకుపచ్చ మెరుపు. నోరెళ్ళబెట్టి చూశాక తెలిసింది, మీ ఈకల్లో ఊదారంగన్నదే లేదని! ఉన్నది మా జుట్టుకి నలుపునిచ్చే మెలనిన్. ఈకల పోగుల్లో దాని రేణువులు వరసలుగా పేర్చి ఉంటాయి. వాటికి తగిలి వెనక్కొచ్చే వెలుగే మాకు ఊదాగా కనిపిస్తుంది. నీడలోకెళితే మీరు వట్టి నల్లపిట్ట. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనేమో. సూర్యుడికి ఒక్కసారైనా థాంక్స్ చెప్పారా?

ఆ కోటైనా ఏడాదంతా ఉంచుకుంటారా అంటే, లేదు. పిల్లల సీజన్ అయిపోగానే విప్పేసి, పైన మట్టిరంగు, కింద లేత పసుపుతో తిరుగుతారు. గొంతు నుంచి పొట్ట దాకా దిగే నల్లగీత ఒక్కటి లేకపోతే మీరెవరో, మీ ఆవిడెవరో చెప్పలేం.

ఆవిడ సంగతి కూడా కాస్త మాట్లాడుకోవాలి. సాలీడు దారాలు, గడ్డిపోచలు కలిపి సంచిలా వేలాడే గూడు ఆవిడే అల్లుతుంది. వాన పడకుండా గుమ్మం పైన చిన్న చూరు దింపుతుంది. బయట బెరడు ముక్కలు, గొంగళిపురుగుల రెట్టలు అంటించి, చెత్త చిక్కుకుందిలే అనిపించేలా చేస్తుంది. గుడ్లూ ఒక్కతే పొదుగుతుంది. అప్పుడు తమరు? కొమ్మ చివర కచేరీ! పిల్లలకి మేత పెట్టడంలో చెయ్యేస్తారు, కాదనను. కానీ ఫొటోలన్నీ మీవే, చప్పట్లన్నీ మీకే. తప్పు మాదే అంటారా? సరే, సగం మాదే.

ఇక అసలు ఫిర్యాదు. మా కారు అద్దంలో కనిపించేవాడు పరాయి మగాడు కాదు మహాప్రభో, మీరే. పొద్దున్నుంచి ముక్కుతో పొడిచి పొడిచి అద్దమంతా మరకలు చేశారు. లోకమంతా మెచ్చుకునే అందగాణ్ని మీరొక్కరే ఓర్చుకోలేకపోతున్నారు! అద్దానికి గుడ్డసంచి తొడిగాను, ఏమనుకోకండి. ఫొటోకి మాత్రం దయచేసి ఎండలో కూర్చోండి. నా ఫోన్‌లో ఉన్నవన్నీ కాకిపిల్ల ఫొటోలంటున్నారు మా ఇంట్లోవాళ్ళు.

ఇట్లు,
తీగ కింద మెడ నొప్పితో నిలబడ్డ మీ అభిమాని