తాత బ్యాంజో, తలా ఒక వాటా

పొలానికి పాస్‌బుక్ ఉంటుంది, ఇంటికి నంబరు ఉంటుంది. హన్మకొండ ఇంట్లో అటక మీంచి దిగిన మా తాత చెక్కపెట్టెకు అవేవీ లేవు. మూత లోపల ఆయన చేతిరాత మాత్రం ఉంది: "బ్యాంజో. ఎవరూ ముట్టొద్దు."

కాబట్టి అందరూ ముట్టారు.

రెండడుగుల పొడవు, వరుసగా తీగలు, వాటి మీద గుండ్రటి మీటలు. కోర్టులో టైపిస్టుగా రిటైరైన చిన్నాయన చూడగానే తేల్చేశాడు. "టైపు మిషన్‌రా ఇది. కాయితం పెట్టే రోలర్ ఊడిపోయింది." కళ్లు మూసుకుని ఏ-ఎస్-డి-ఎఫ్ కొట్టాడు. తీగలు మూలిగాయి. వీధిలో కుక్క జవాబిచ్చింది.

"పాత సామానోనికి ఏసెయ్యిన్రి" అంది మేనత్త.

ఆమె కొడుకు, మా బావ, ఫోన్‌లో వెతికాడు. 1930ల నాటి గిబ్సన్ బ్యాంజోలు అమెరికాలో లక్షల రూపాయలు పలుకుతాయి. ఫొటోలో ఉన్నది జల్లెడకు తోలు బిగించి పొడుగాటి కర్ర తగిలించినట్టుంది, మనది పెట్టె కదా అన్నాను. "మోడల్ వేరే ఉంటది తియ్" అన్నాడు. లక్షల మాట విన్నాక ఆకారం ఎవరికి కావాలి? మేనత్తకు కళ్ల నీళ్లు తిరిగాయి. "బాపు నన్ను పక్కన కూసోబెట్టుకొని వాయించేటోడు." తళతళలాడితే రేటు పెరుగుతుందని ఆ సాయంత్రమే చింతపండుతో తోమింది. తుప్పు తీగలు రెండు టంగుమని తెగాయి. చిన్నాయన స్టాంపు పేపరు తెచ్చి, అసలైన టైపు మిషన్ మీద, "బ్యాంజో ఒకటి, వాటాలు మూడు" అని కొట్టేశాడు.

చివరికి కాజీపేట దర్గా ఉర్సులో ఖవ్వాలీలకు వాయించే పెద్దాయన వచ్చి చూశాడు. "బుల్‌బుల్ తరంగ్ బేటా ఇది. మనదిక్కు దీన్నే బ్యాంజో అంటరు." ఎడమచేత్తో మీట నొక్కి, కుడిచేత్తో తీగ మీటి, తెగకుండా మిగిలినవాటి మీదే నాలుగు స్వరాలు పలికించాడు. బావ మళ్లీ వెతికాడు. 1912లో జపాన్‌లోని నగోయాలో మొరిటా గోరో చేసిన తైషోగొటో దీనికి మూలమట. టైపు మిషన్ చూసే తీగలకు మీటలు తగిలించాడట.

"నేనప్పుడే చెప్పిన" అని చిన్నాయన మీసం సవరించుకున్నాడు.

"రేటెంత?" ముగ్గురూ ఒకేసారి అడిగారు.

"కొత్తదే కొన్ని వేలల్ల దొరుకుతది. తీగలేయించి వాయించుకోండ్రి. చింతపండు మాత్రం పెట్టకుండ్రి."

మేనత్త కళ్లు ఆరిపోయాయి. "పెద్దోని కొడుకువి, తాత పేరు నిలబెట్టు, నువ్వే పెట్టుకో బిడ్డా" అంది. తీగలకు నేనే డబ్బులిచ్చాను. స్టాంపు పేపరు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు.